కీమో రోజుల్లో చప్పిడి అన్నం

మా పిండి గిర్నికి ఈమధ్య సంచీ లేకుండా వచ్చేవాళ్ళు కొందరుంటున్నారు. మోటారు చప్పుడు ఆగేదాకా గడప పక్కన నిలబడి, ఆగగానే దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడుగుతారు. "అక్కా, మీ ఆడబిడ్డకు బ్లడ్ క్యాన్సరట గదా. కీమో ఎక్కిచ్చేటప్పుడు ఏం పెట్టిన్రు?" అంటే వాళ్ళింట్లోనూ ఎవరో కంచం ముందు కూర్చుని, ముద్ద మింగలేక లేచిపోతున్నారన్నమాట. నాకు తెలిసింది చెబుతాను. కానీ మిరపకాయల సంచులు వరసలో ఉండగా, కళ్ళు మండుతుండగా చెప్పే మాట సగమే చేరుతుంది. ఆ సగం వాళ్ళింటికి చేరేసరికి ఇంకోలా మారుతుంది. మొన్నొకాయన నా పేరు చెప్పి భార్యకు పచ్చి గుడ్డు తాగించబోయాడని తెలిసి, ఆ రోజంతా నాకు ఏ పనిమీదా మనసు నిలవలేదు. కీమోలో ఉన్న మనిషికి పచ్చివేవీ పెట్టకూడదని నేను చెప్పిన మాట మోటారు చప్పుడులో కొట్టుకుపోయింది.

అందుకే రాస్తున్నాను. ఇది మందుచీటీ కాదు. ఎవరికి ఏం పెట్టాలో వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఇది ఒక ఇంట్లో ఒక మనిషి తిండి చుట్టూ జరిగిన సంగతి, అంతే. పేర్లు రాయొద్దని ఆ ఆడబిడ్డే, మా మరదలు, ముందే నాచేత మాట తీసుకుంది.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. హనుమకొండలో మా గిర్ని నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే మా ఆయనకు గిర్ని అప్పజెప్పి, కొంగుకంటిన పిండి దులుపుకుని వెళ్ళేదాన్ని. మొదట నవలలు చదివాను, తర్వాత చరిత్ర, ఆ తర్వాత డిగ్రీ పిల్లలు చదివే శరీరధర్మశాస్త్రం. మనం తిన్న మెతుకు ఒంట్లోకి వెళ్ళి ఏమవుతుందో చెప్పే అధ్యాయం నాకు మహా ఇష్టం. అర్థం కాకపోతే మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండా నేర్చుకున్నానని నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను. మా అత్తమ్మ నన్ను "పుస్తకాల డాక్టరమ్మ" అంటుంది. మురిసిపోయి అనే మాటైతే కాదు.

మరదలంటే మా ఆయన చెల్లెలు. పరకాల దగ్గర పత్తి పండించే ఇంటికి ఇచ్చాం. పత్తి ఏరే రోజుల్లో ఆమెకు జ్వరం పట్టుకుని వదల్లేదు. దెబ్బ తగలకుండానే చేతుల మీద నీలం మచ్చలు, పళ్ళు తోముకుంటే రక్తం. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ల్యుకేమియా అని చెప్పింది. రక్తం పుట్టే మూలుగలోనే పాడు కణాలు పెరిగి, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తున్నాయంది. వెంటనే కీమో మొదలుపెట్టాలంది. దాంతోపాటు ఇంకో మాట కూడా అంది. "మందులు మా దగ్గరున్నయి. వాటిని తట్టుకునే ఒళ్ళు మీ దగ్గర ఉండాలె. ఒళ్ళు తట్టుకోకపోతే కీమో ఆపాల్సొస్తది. మధ్యల ఆపితే జబ్బు మళ్ళ లేస్తది."

ఆ మాట నా తలలోంచి మళ్ళీ బయటికి పోలేదు. పిండి జల్లిస్తున్నా అదే, మెట్లెక్కుతున్నా అదే.

దవాఖానకు దగ్గరని ఆమెను మా ఇంట్లోనే ఉంచాం. గిర్ని దుమ్ము పడకూడదని మేడ మీది గది కడిగి పక్క వేశాం. కూతురిని చూసుకోవడానికి అత్తమ్మ కూడా ఆ గదిలోనే. అన్నయ్య, అంటే మరదలి భర్త, చేను చూసుకుంటూ వీలైనప్పుడల్లా పరకాల నుంచి వచ్చిపోయేవాడు.

మొదటి వారాల్లో మేం భయపడ్డదానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. మరదలికి ఆకలి పుట్టింది. మామూలు ఆకలి కాదు. ఇడ్లీలు తిని చేయి కడుక్కోకముందే అన్నం వండారా అని అడిగేది. మధ్యాహ్నం అన్నమయ్యాక గారెలు కావాలనేది.

"వదినె, కింద ఏందో ఏగుతాంది, వాసనొస్తాంది. నాకు తేకుంట మీరే తింటాన్రా?"

"పక్కింట్ల పిల్లా. మా ఇంట్ల పొయ్యి ఇప్పుడే ఆర్పిన."

"అయితే పక్కింటికి వొయ్యి అడుగు. క్యాన్సర్ మనిషి అడిగిందంటే ఇయ్యమంటరా?"

అత్తమ్మ నవ్వి, కళ్ళు తుడుచుకునేది. "తింటాంది నా బిడ్డ. తినే మనిషికి సావు లేదు," అని చూడొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది. చూడొచ్చినవాళ్ళు ఊరికే వస్తారా? ఒకరు పాలకోవా, ఒకరు జిలేబీ, ఒకరు అరిసెలు. మరదలి ముఖం గుండ్రంగా నిండుకుంది. ఒళ్ళు చేసిందని అందరూ సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను కానీ కుదురుగా ఉండలేకపోయాను. ఆమె చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది. మాటిమాటికీ బాత్రూముకు లేస్తోంది.

గ్రంథాలయంలో పాత పుస్తకమే మళ్ళీ తీశాను. కీమోతో పాటు ఆమెకిస్తున్న మాత్రల్లో స్టెరాయిడ్లు ఉన్నాయి. అవి ఆకలిని పెంచుతాయి, రక్తంలో చక్కెరనూ పెంచుతాయి. అంతటితో ఊరుకోకుండా కండలోని మాంసకృత్తులను కరిగించి చక్కెరగా మారుస్తాయి. ముఖానికి మాత్రం నీరూ కొవ్వూ చేర్చి గుండ్రంగా చూపిస్తాయి. అది చదివి పుస్తకం మూయకుండానే లేచి ఇంటిదారి పట్టాను. మరునాడు దవాఖానలో పరీక్ష చేస్తే షుగర్ బాగా పెరిగి ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. తీపి ఆపమన్నారు, తిండి ఆపొద్దన్నారు. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమన్నారు. ఏదైనా బాగా ఉడికించి, పెరుగైతే కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టి.

అత్తమ్మకు ఆ రోజు పెద్ద దెబ్బే తగిలింది. బిడ్డ తిండి చూసి తను పడ్డ సంతోషమంతా మాత్రల పుణ్యమని తేలింది. "మరి గీ ఆకలి దొంగాకలా?" అని నన్నే అడిగింది, నేనే దొంగిలించినట్టు.

స్టెరాయిడ్లు తగ్గించగానే ఆకలి, వచ్చినంత వేగంగానే పోయింది. నోరు పూసింది. నాలుకకు రుచి పోయింది. నేను పుస్తకం పట్టుకుని గుడ్డు మీద గుడ్డు ఉడకబెట్టాను. ఎంత మాంసకృత్తు కావాలో, గుడ్డులో ఎంత ఉంటుందో నాకు నోటికి వచ్చు. గుడ్డు వాసన తగలగానే కడుపులో తిప్పుతుందని మాత్రం ఆ పుస్తకంలో లేదు.

"వదినె, నీ కాళ్ళు మొక్కుత, గా గుడ్డు నువ్వే తిను. నాకు నోట్ల ఇనుపచువ్వ నాకినట్టున్నది."

ఏం చేయను? తెల్లసొన జావలో కలిపి చూశాను, కనిపెట్టేసింది. స్టీలు చెంచా తీసేసి ప్లాస్టిక్ చెంచా ఇచ్చాను, కొంచెం నయమంది. వేడిగా ఉంటే వాసన ఎక్కువని గోరువెచ్చగా అయ్యాక పట్టుకెళ్ళేదాన్ని. పోపు ఘాటు మేడ మీదికి పోకుండా గిర్ని వెనక రేకుల కింద పొయ్యి పెట్టాను. కంచం పట్టుకుని మెట్లెక్కడం, దింపుకోవడం. గిర్నిలో కాసేపు, పైన కాసేపు. ఎక్కడున్నా రెండోచోట ఏం జరుగుతోందోనని మనసు పీకేది.

సరిగ్గా అప్పుడే ఆమె కళ్ళు పచ్చబడ్డాయి.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, మందుల వల్ల లివర్ దెబ్బతిన్నదనీ, అది తగ్గేదాకా తరవాతి కీమో వాయిదా వేస్తున్నాననీ చెప్పింది. వచ్చే వారం మళ్ళీ రమ్మంది. మాకు వినిపించింది వాయిదా అనే ఒక్క మాటే. ఆ సాయంత్రమే ధర్మసాగర్ నుంచి అత్తమ్మ తమ్ముడు వచ్చాడు. మంచం దగ్గర కూర్చుని మరదలి కింది రెప్ప లాగి చూశాడు.

"ఇవి పసిరికలే అక్కా. కామెర్లకు ఇంగ్లీషు మందు లేనే లేదు. మా దిక్కు పసరు పోసెటాయన ఉన్నడు. ఆదివారం పొద్దుగాల పరగడుపున తాగిపిస్తే దిగిపోతది. అప్పటిదాంక చప్పిడి పథ్యం జెయ్యాలె. ఉప్పు, నూనె, పప్పు, గుడ్డు ఏం ముట్టద్దు."

కామెర్లకు పసరు తాగించడం, చప్పిడి తినిపించడం మా వైపు ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. మా ఆయన చిన్నప్పుడు తాగాడట, తగ్గిందట. అందుకే ఆయన నోరెత్తలేదు. నేను ఎత్తాను.

"అత్తమ్మా, అవి వేరే కామెర్లు. ఇవి మందులతోని వచ్చినయి. దీనికి పసరు వోస్తే లివర్ ఇంక పాడైతది."

"నీ పుస్తకంల రాసున్నదా?"

"పసరు సంగతి రాసిలేదు గని..."

"మరి రాయని సంగతి నీకెట్ల ఎరుక? నా కొడుకు గిట్లనే పచ్చగయితే గా పసరుతోనే లేచిండు. గిప్పుడు నీ ముంగట కూసొని పిండి పడ్తాండు. జర సూడు."

మరుసటి పూట నుంచి మరదలి కంచంలోకి చప్పిడి అన్నం, చప్పిడి చారు వచ్చాయి. నోట్లో రుచి లేని మనిషికి ఉప్పు లేని అన్నం. ఆమె ఎదురు చెప్పలేదు. నాలుగు మెతుకులు నమిలి, తల్లి చూస్తుండగా మింగి, కంచం పక్కకు జరిపేది. నేను కింద చాటుగా వేరే వండితే అత్తమ్మ పసిగట్టి గొడవ పెట్టుకునేది. మా ఇద్దరి అరుపుల మధ్య ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. అది చూశాక చాటుగా వండటం మానేశాను.

ఆదివారం దగ్గరపడుతోంది. గిర్నిలో నిలబడితే పైకి పోవాలనిపించేది, పైకి పోతే గ్రంథాలయానికి పోవాలనిపించేది, అక్కడ కూర్చుంటే ఒక్క పేజీ తిరిగేది కాదు. ఒకరోజు మక్కపిండి పట్టమంటే, గిర్ని రాళ్ళు మరీ దగ్గరగా బిగించి ఉన్నది చూసుకోకుండా మోటారు వేసి పిండి మాడగొట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం మరదలు చాప మీద కూర్చుని ఉంది. చేయి కడుక్కుంటానని లేవబోయి లేవలేకపోయింది. రెండు చేతులూ నేల మీద ఆన్చి మళ్ళీ ప్రయత్నించింది. తొడల్లో పట్టు లేదు. నేను చంకల కింద చేతులేసి లేపాను. పత్తి బస్తా ఎత్తి ట్రాక్టర్లో వేసిన మనిషి. లేపుతుంటే నా చేతికి పక్కటెముకలు తగిలాయి. గాజులు ముంజేతి నుంచి మోచేతి దాకా జారాయి.

"అత్తమ్మా, మొకం సూడకు. ఇటు సూడు," అని మరదలి జబ్బ మీది గుడ్డ పైకి జరిపాను. "మొకానిది వాపు. ఒళ్ళు ఇది."

అత్తమ్మ దగ్గరికొచ్చి బిడ్డ జబ్బను తన గుప్పిటతో చుట్టి చూసింది. గుప్పిట మూసుకుపోయింది. నేను అప్పుడు గెలవాలని చూడలేదు, నిజంగా బతిమాలాను. "రేపు దవాఖానకు పోదాం. నేను ఒక్క మాట మాట్లాడ. నువ్వే అడుగు. డాక్టరమ్మ పసరు పొయ్యుమంటే ఆదివారం ఆటో నేనే తెస్త."

"మాట మీద ఉంటవా?"

"ఉంట."

శనివారం డాక్టరమ్మ ముందు అత్తమ్మ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అడిగింది. ఆమె అడిగిన తీరు నేను ఊహించలేదు.

"బిడ్డా, నేను సదువుకున్నదాన్ని గాదు. నీ లెక్కనే అడుగుత. లివర్ అలిసిపోయిందంటానవ్. అలిసిన ఎద్దుకు బరువు తగ్గిస్తం గదా? గందుకే ఉప్పు, నూనె, పప్పు బంద్ వెట్టి దానికి పని తగ్గిచ్చిన. నేను జేసింది తప్పెట్లైతది?"

డాక్టరమ్మ చేతిలోని కాగితాలు పక్కనపెట్టింది.

"తప్పని అంటలేనమ్మా. ఆలోచన మంచిదే. కాని అలిసిన ఎద్దుకు బరువు దించుతరు గని గడ్డి బంద్ వెట్టరు గదా? లివర్ మీద బరువు మా మందులది. అది నేను దించిన, అందుకే కీమో ఆపిన. నువ్వేమో గడ్డి బంద్ వెట్టినవ్. తిండి లేకుంటే ఒళ్ళు ఊకె ఉండదు, తన కండను తనే తింటది. లివర్ బాగు చేసుకోనీకె కూడ ఆ మాంసకృత్తులే కావాలె."

"పసరు?"

"వద్దు. అందుల ఏ ఆకున్నదో నాకు తెల్వది, నీకు తెల్వది. ఆమెకు తెల్లకణాలు తక్కువున్నయి, పచ్చి ఆకులతోని ఇన్ఫెక్షన్ వస్తే ఆపలేం. లివర్ మీద ఇంకో బరువు పడితే మళ్ళ కీమో ఎప్పుడు మొదలు వెడ్తనో నేనే చెప్పలేను."

"మరి నా కొడుకుకు తగ్గిందిగద?"

"ఆ కామెర్లు వేరే అమ్మా. చానామందికి వాటంతటవే తగ్గుతయి. పసరు తాగినా, తాగకున్నా."

అత్తమ్మ నా వైపు చూసింది. నేను మాట మీద ఉన్నాను, పెదవి కదపలేదు. అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో సుబేదారి దాటాక అత్తమ్మ ఫోన్ తీసి తమ్ముడికి కలపమని నాకిచ్చింది. "ఆదివారం మేం వస్తలేం తమ్మీ. పసరాయనకు చెప్పు. పిల్లకు ఉప్పు పెట్టుమన్నరు," అంది. అవతల ఆయన ఏదో అంటున్నాడు. "నువ్వు దాని జబ్బ పట్టుకొని సూడలే. నేను సూసిన," అని పెట్టేసింది.

ఇంటికొచ్చాక నేను నా లెక్కలతో మొదలుపెట్టబోయాను. మరదలు ఆపింది.

"ఇద్దరు జర ఆగున్రి. ఒకరు చప్పిడి అంటరు, ఒకరు గుడ్డు అంటరు. నాకేం బుద్ధయితాందో ఒక్కరన్న అడిగిన్రా?"

అడగలేదు. నిజమే.

"చెప్పు, ఏం బుద్ధయితాంది?" అన్నాను.

"పచ్చిపులుసు."

మా వైపు పచ్చిపులుసంటే చింతపండు రసంలో పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పిసికి, పొయ్యెక్కించకుండా చేసేది. ఆమెకు పచ్చివి పెట్టకూడదు. పైగా నోటిపూత అప్పుడప్పుడే మానుతోంది. నేను తటపటాయిస్తుంటే అత్తమ్మే లేచింది. చింతపండు రసం పలచగా తీసి మరగకాచింది. ఉల్లిగడ్డను మెత్తగా వేయించి వేసింది. మిరపకాయ మానేసి, జీలకర్ర పొడి, ఉప్పు వేసి చల్లార్చింది. మెత్తటి పప్పన్నం మీద పోసి ఇచ్చింది.

మరదలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచుకుంది.

"ఇది పచ్చిపులుసు గాదు, ఉడుకుపులుసు," అంది. "గని ఉప్పు తెలుస్తాంది."

కంచం ఖాళీ కాలేదు కానీ సగం దాటింది. పులుపు ఆ ఇనుము రుచిని కొంచెం కప్పేస్తుందని తర్వాత చదివాను. అప్పటి నుంచి మా వంట ఆమె నాలుక వెంట నడిచింది. గుడ్డును తెల్లసొనగా కాదు, బాగా ఉడికించి చింతపులుసులో వేసి చల్లగా ఇస్తే తినేది. పెసరపప్పు కిచిడీ మజ్జిగతో తినేది. మా గిర్నిలో వేరే ఏదీ పట్టకముందే, పొద్దున్నే రాళ్ళు శుభ్రం చేసి, వేయించిన పుట్నాలు పట్టి పొడి చేసేదాన్ని. దాన్ని జావలో ఉడికించి ఇచ్చేవాళ్ళం. అత్తమ్మ వండేది, నేను మోసేదాన్ని, మరదలు వంకలు పెట్టేది. కొన్ని పూటలు అన్నీ వాంతి అయ్యేవి. అలాంటప్పుడు మేమిద్దరం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. మళ్ళీ ఎప్పుడు అడగాలో తెలియక లేచేవాళ్ళం, కూర్చునేవాళ్ళం.

వాయిదా ఇంకొంత సాగింది. తర్వాత కళ్ళ పసుపు తగ్గింది. పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ, "మొదలు పెడదాం," అంది. మందు మళ్ళీ ఎక్కుతుంటే భయపడాల్సింది పోయి మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం.

ఆ కీమోలు అయిపోయాయి. ఇప్పుడు ఇంటిదగ్గరే మాత్రలు, నెలనెలా దవాఖాన. చాలా కాలం వాడాలన్నారు. మరదలు చాప మీద నుంచి చేయి ఆన్చకుండా లేస్తోంది. ప్రతి పరీక్ష ముందు రోజు నాకు గిర్నిలో నిలబడబుద్ధి కాదు. అది తగ్గేలా లేదు.

సాయం చేసినవాళ్ళను పేరు పెట్టి తలుచుకోవాలని ఉంది కానీ మాట ఇచ్చాను కాబట్టి వరసలతోనే సరిపెడతాను. ఆ రోజు నిలబడి అడిగిన ముసలామెకు ఓపిగ్గా జవాబు చెప్పిన డాక్టరమ్మకు, నేను అడిగిన పుస్తకం ఇంకొకరి చేతిలో ఉంటే తెప్పించి పక్కన ఉంచిన గ్రంథాలయం సారుకు, పొడి పట్టేంతసేపు తమ సంచులు పక్కన పెట్టుకుని విసుక్కోకుండా కూర్చున్న మా గిరాకీలకు, వాసన మేడ మీదికి పోతుందని తెలిసి కొన్నాళ్ళు చేపలు వండటం మానుకున్న పక్కింటి చెల్లెకు, చేను ఆగం కాకుండా చూసుకుంటూనే ఆమె పక్కన కూర్చుని చప్పిడి తిన్న అన్నయ్యకు, చెల్లెలి కోసం గిర్ని ఒక్కడే నడిపిన మా ఆయనకు దండాలు. పసరు వద్దన్నా అలగకుండా, మేక కాళ్ళు తెచ్చి సూపు కాయమన్న ధర్మసాగర్ మామయ్యకూ. అత్తమ్మకు కృతజ్ఞత చెబితే కోప్పడుతుంది, అయినా చెబుతున్నాను.

మరదలికి ఇది చదివి వినిపించాను. "అంత మంచిగనే రాసినవ్ గని, మీ ఇద్దరి లొల్లి తక్కువ రాసినవ్," అంది. ఆకలైతాంది, పోయి ఏమన్న తేపో అని కూడా అంది.